కాళ్ళ మీద ఎర్ర బాణాలు

"ఇవాళ ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండండి," అన్నాను.

అప్పటికి ఏమీ జరగలేదు. మా అమ్మాయి ఇంకా బడికి బయల్దేరనే లేదు. గుమ్మంలో కూర్చుని సాక్సు తిరగేసి తొడుక్కుంటోంది. మా ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, "నిన్నా ఇదే అన్నావు. నిన్న ఏం జరిగింది?" అన్నాడు.

"నిన్న ఏమీ జరగలేదు కాబట్టే భయం."

ఆయన నవ్వబోయి గడ్డం కోసుకున్నాడు. "ఇదిగో, జరిగింది. ఇవాళ్టికి అయిపోయింది. ఇంక పిల్లని వదిలెయ్," అన్నాడు, నురుగు మీద తేలిన ఎర్రచుక్కని వేలితో అద్దుకుంటూ.

ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. ఎదురుగా లారీ వచ్చినా సరే, ఆయనకి కంగారు ఉండదు. ఇంట్లో కంగారంతా నా వాటాకే వచ్చింది. పిల్ల దగ్గితే ఊపిరితిత్తులు, నవ్వితే ఏడుపు రాబోతోందని, నిద్రపోతే మరీ ఎక్కువ నిద్రపోతోందని. ఒకసారి కడుపునొప్పి అందని ఒక్కరోజులో ముగ్గురు డాక్టర్లకి చూపించాను. మూడో ఆయన, "అమ్మా, పాపకి ఆకలేస్తోంది," అన్నాడు.

నా పని కూడా అలాంటిదే. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పదేళ్ళుగా తప్పులు వెతుకుతున్నాను. చొక్కాని బల్ల మీద పరిచి, కాలరు దగ్గర మొదలుపెట్టి భుజాల కుట్టు, చేతులు, కాజాలు, బొత్తాలు, కింది మడత దాకా చూడాలి. తర్వాత తిరగేసి లోపలి కుట్లు చూడాలి. తేడా ఉన్నచోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి రిపేరు గుట్టలో పడెయ్యాలి. తప్పు లేని చొక్కా వస్తే అందరూ సంతోషిస్తారు. నాకు మాత్రం ఎక్కడో ఉంది, నాకే కనబడలేదని గుబులు. కాజాల మిషను మీద కూర్చునే కాజాలక్క, "నీ చేతికి దేవుణ్ణి ఇచ్చినా తిరగేసి కుట్లు చూస్తావే," అంటుంది.

మా అమ్మాయి మూడో తరగతి. మాటలు వచ్చిన దగ్గర్నుంచి నోరు మూతపడేది కాదు. అందుకని వాళ్ళ నాన్న దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. ఆ పిచ్చుక ఈమధ్య కూయడం మానేసింది. ఎప్పట్నుంచి అంటే కచ్చితంగా చెప్పలేనుగానీ, పోయిన నెల నుంచే అనుకుంటాను.

పోయిన నెలలో ఒకరోజు అది బడి నుంచి మోచేతి కింద పొడుగాటి ఎర్రగీతతో వచ్చింది. "ఎవరు గీరారు?" అన్నాను. "అదీ..." అంది. "నీ పక్కన కూర్చునే రెండు జడల పిల్లేనా?" అన్నాను. తల అదోలా ఊపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పుల్లో కాళ్ళు పెట్టాను, మెట్లు దిగాను, రెండు సందుల అవతల ఉన్న జడల పిల్ల ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ జిరాక్సు షాపులో పని చేస్తుంది. అప్పుడే వచ్చినట్టుంది, చేతికి ఇంకా నల్లటి ఇంకు ఉంది. "పిల్లకి గోళ్ళు కత్తిరించడం చేతకాదా మీకు?" అని మెట్ల మీద నిలబడి నలుగురూ వినేలా అడిగాను. ఆవిడా ఊరుకోలేదు. నేనూ ఊరుకోలేదు. ఇంటికొచ్చి చెయ్యాల్సింది చేశానని నీళ్ళు తాగాను.

ఆ తర్వాత ఏమడిగినా పిచ్చుక ఒకటే మాట. "ఏం లేదు." బడిలో ఏమైంది? ఏం లేదు. ఎందుకలా ఉన్నావు? ఏం లేదు. నానమ్మ పక్కన కూర్చుని బఠానీలు ఒలుస్తూ గుసగుసలాడేది కాస్తా, నేను వంటింట్లోంచి తొంగి చూస్తే నోరు నొక్కేసుకునేది.

మా ఆయన గడ్డం కోసుకున్నది ఆ పొద్దున. సాయంత్రం ఒక కాగితం దొరికింది.

టిఫిన్ డబ్బా కోసం దాని సంచిలో చెయ్యి పెడితే, పుస్తకాల మధ్య మడిచిన కాగితం తగిలింది. విప్పాను. మొహం లేదు, బట్టల్లేవు, గీత గీసి వదిలేసిన ఒట్టి మనిషి ఆకారం. దాని రెండు కాళ్ళ మీదా ఎర్ర బాణాలు. నా బాణాలే. రోలు చివర మిగిలిన ముక్కలు ఆడుకుంటుందని నేనే తెచ్చి ఇచ్చినవి. లెక్కపెట్టాను. తొమ్మిది.

ఒకేచోట అన్ని బాణాలు పడితే ఆ చొక్కాని మేము రిపేరుకి కూడా పంపం. పక్కన పడేస్తాం.

"పిచ్చుకా! ఇలా రా! కాళ్ళు చూపించు!"

లైటు కిందికి లాగి కూర్చోబెట్టాను. అరికాళ్ళు చూశాను, మడమలు చూశాను, వేళ్ళ సందుల్లో చూశాను. "నిలబెట్టారా? ఎండలో నిలబెట్టారా? స్కేలుతో కొట్టారా? ఎవరు, టీచరేనా?"

"ఏం లేదు."

"ఈ ఎర్రగా ఉన్నదేంటి?"

"దోమ."

'ఏం లేదు' కాక ఆ సాయంత్రం అది నాకిచ్చిన జవాబు అదొక్కటే.

హాల్లో మంచం మీంచి మా అత్తయ్య కేకేసింది. "కాలు కాలిన పిల్లిలా అలా తిరుగుతావేమిటే? నువ్వు తిరుగుతుంటే నాకు మోకాళ్ళు నొప్పెడుతున్నాయి."

"మీకేం తెలుసు అత్తయ్యా, రోజులెలా ఉన్నాయో!"

"రోజులకేం, బాగానే ఉన్నాయి. నువ్వే కాసేపు కూర్చో."

కూర్చోలేదు. మర్నాడు సూపర్‌వైజరుకి ఫోన్ చేసి సగం రోజు సెలవు అడిగాను. "మళ్ళీ ఏమైందమ్మా?" అన్నాడు ఆయన. ఆ 'మళ్ళీ' నాకు నచ్చలేదు. చెకింగ్ టేబుల్ దగ్గర నా బదులు కాజాలక్క కూర్చుంటానంది. "టీచర్ని కూడా తిరగేసి చూడకు," అని మాత్రం చెప్పింది.

బడి వరండాలో అంతా తడి చెప్పుల వాసన. మూడో తరగతి కిటికీలోంచి చూస్తే బల్లలన్నీ గోడకి నెట్టేసి ఉన్నాయి. పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ముప్పై మందికి పైనే ఉంటారు, ఒక్కడూ నోరెత్తడం లేదు. మధ్యలో చిన్న గాజు సీసా లాంటిది, దాన్లో ఇసుక కిందికి జారుతోంది. మా పిచ్చుక తల దించుకుని కూర్చుంది. దాని ఎడంపక్కన ఇంకొకరు పట్టేంత ఖాళీ. ఆ జడల పిల్ల ఎదురుగా, అవతలి చివర కూర్చుంది. హమ్మయ్య, దూరంగా కూర్చోబెట్టారు, అదొక్కటే మంచి పని చేశారు అనుకున్నాను.

టీచరు నన్ను చూసింది. పాతికేళ్ళు ఉంటాయేమో, చెంప మీద చాక్‌పీసు గీత. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది. ఇసుక ఇంకా సగం కూడా దిగలేదు. నేనెక్కడాగుతాను?

"ఏమిటండీ ఈ శిక్ష? చిన్నపిల్లల్ని నోళ్ళు మూయించి ఇలా కూర్చోబెడతారా? మా అమ్మాయి కాళ్ళనేం చేశారు మీరు?"

ముప్పై తలలు నావైపు తిరిగాయి. ఒక్క తల మాత్రం ఇంకా కిందికి వంగింది. అది మాదే.

టీచరు వరండాలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసింది. నేను కాగితాన్ని ఆవిడ ముక్కు ముందు పెట్టాను. "చూడండి. తొమ్మిది బాణాలు. మా ఫ్యాక్టరీలో బాణం పెట్టామంటే అక్కడ పాడైందని. ఇన్ని పెట్టిందంటే దీనికెంత నొప్పిగా ఉందో!"

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే నాకు తేలికగా ఉండేది. "వెనక్కి తిప్పి చూశారా?" అంది.

పదేళ్ళుగా రోజుకి వందల చొక్కాలు తిరగేస్తున్నాను. కాగితం తిరగెయ్యలేదు.

నేను ఏడో తరగతితో ఆపేశాను. పెన్సిలు రాత కూడబలుక్కుని చదవాలి. వెనక వంకర అక్షరాలతో ఇలా ఉంది. "మా అమ్మ. మా అమ్మకి కంగారు కాళ్ళల్లో ఉంటుంది. నేను చెప్పేలోపు కాళ్ళు చెప్పుల్లోకి వెళ్ళిపోతాయి."

రెండుసార్లు చదివాను. నా కాళ్ళ వంక చూసుకున్నాను. చెప్పులు హడావుడిలో తొడిగినవి, ఒకటి నాది, ఒకటి మా ఆయనది.

"అది శిక్ష కాదండీ. ఇసుక దిగేదాకా మాట్లాడకుండా, కోపం ఒంట్లో ఎక్కడుంటుంది, భయం ఎక్కడుంటుంది అని చూసుకోవడం ఈ వారం పాఠం," అంది టీచరు. "ఇంట్లో ఒకర్ని ఎంచుకుని బొమ్మ మీద గుర్తు పెట్టుకు రమ్మన్నాను. ఒకడు వాళ్ళ తాతయ్యకి కోపం మీసాల్లో ఉంటుందని రాశాడు."

"లెక్కలు, చదవడం నేర్పాలిగానీ ఇవెందుకండీ?" అన్నాను. గొంతు మాత్రం అప్పటికే తగ్గింది.

"ఆ కిటికీ పక్క పిల్లాడు పోయిన నెల పెన్సిలు విరిగిందని పక్కవాడి చెయ్యి కొరికాడు. ఇప్పుడు వాడే వచ్చి, టీచర్, నాకు చెవులు వేడెక్కుతున్నాయి అని చెప్పి, వెళ్ళి నీళ్ళు తాగి వస్తున్నాడు. నాకు ఇదీ చదువేనండీ. కొరుక్కునే వాళ్ళకి లెక్కలు నేను చెప్పలేను."

లోపల ఎవరో కిచకిచ నవ్వారు. ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మీ అమ్మాయి మీతో మాట్లాడుతోందా?"

"ఏం లేదు అంటుంది."

"నాతోనూ అదే అంటోంది. ఏదో ఉంది. ఏమిటో నాకూ తెలీదు. లాగితే వచ్చేది కాదు. కానీ ఇంట్లో కూడా చెప్పకుండా ఉండడం అలవాటైపోతే, పెద్దయ్యాక నిజంగా ఏదైనా జరిగినప్పుడు కూడా చెప్పదు."

నాకు అంతకంటే భయం వేసే మాట ఎవరూ చెప్పలేదు. పదేళ్ళ తర్వాత, పదిహేనేళ్ళ తర్వాత దానికి రాబోయే కష్టాలన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ప్రతిదాంట్లోనూ అది తలదించుకుని ఏం లేదమ్మా అంటోంది.

ఆవిడ లోపలికి వెళ్ళి ఇంకో ఇసుక సీసా తెచ్చింది. "ఒక ప్రశ్న అడగండి. తిరగేసి పెట్టండి. ఇసుక మొత్తం దిగేదాకా అడిగినవాళ్ళు మాట్లాడకూడదు. ఎవరు, ఎందుకు అనొద్దు. ఎలా ఉంది అనండి, చాలు." తర్వాత కొంచెం మొహమాటంగా, "ఇది మధ్యలో ఆగుతుందండీ, అప్పుడప్పుడూ తట్టాలి. మంచిది ఒకటే ఉంది, అది వీళ్ళకి కావాలి," అంది.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. నా సంగతి తెలుసుగా, రేపటిదాకా ఆగే ప్రాణం కాదు.

"ఎలా ఉందమ్మా ఇవాళ?" అని సీసా తిరగేశాను. పిచ్చుక సీసా వంక చూసింది, నా వంక చూసింది. ఇసుక సన్నగా జారుతోంది. ఎవరైనా నన్ను నీళ్ళలో ముంచి పట్టుకున్నా అంతసేపు ఊపిరి బిగబట్టగలనేమో, మాట మాత్రం కాదు. వేలెడు ఇసుక కూడా దిగలేదు, నోరు జారింది. "ఎవరైనా ఏమైనా అన్నారా? నాతో చెప్తే నేను..."

"ఇసుక అయిపోలేదు," అని లేచి వెళ్ళిపోయింది.

"ఇవాళైనా నోరు కట్టేసుకో," అంది కాజాలక్క. మర్నాడు మధ్యాహ్నం చెకింగ్ టేబుల్ దగ్గర జరిగిందంతా చెప్పాను దానికి. "నా మిషను కూడా నీకంటే ఎక్కువసేపు ఆగుతుంది, దారం తెగినప్పుడైనా." ఆ రోజు నేను ఒక చొక్కాకి కాలరు మీద పెట్టాల్సిన బాణం నా జబ్బ మీద అంటించుకుని ఇంటిదాకా వచ్చాను. బస్సులో ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు నోరు కట్టేసుకున్నాను. నిజంగానే. పెదాలు లోపలికి మడిచి పళ్ళతో పట్టుకున్నాను. సగం ఇసుక దిగేసరికి పిచ్చుక నోరు కొంచెం తెరిచింది. "జడల..." అంది. అంతే. మళ్ళీ మూసేసింది. దాని చూపు ఎటుందో అటు నేనూ చూశాను. నా కాళ్ళు. ఎప్పుడు వెళ్ళాయో తెలీదు, గుమ్మం పక్కనున్న చెప్పుల్లో సగం దూరి ఉన్నాయి. బొటనవేలు పట్టీలోకి వెళ్ళిపోయింది కూడా.

ఏం చెయ్యను? నా కాళ్ళే నా మాట వినకపోతే!

అది లేచి నానమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆ రాత్రి మా ఆయనతో, "అది ఇంక ఎప్పటికీ నాతో మాట్లాడదు," అన్నాను. "ఎప్పటికీ అంటే పెద్ద మాట. ముందు అన్నానికి పిలు, వస్తుందో లేదో చూద్దాం," అన్నాడు. వచ్చింది. అన్నం తింది. మాట్లాడలేదు.

జడల. ఆ ఒక్క మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మళ్ళీ గీరిందా? కొట్టిందా? డబ్బాలోది లాక్కుంటోందా? మూడో రోజు ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆ సందు మొదట్లో ఆగాను. రెండడుగులు వేశాను. జిరాక్సు ఆవిడ ఇంటి మెట్లు కనిపిస్తున్నాయి. అడిగితే నిమిషంలో తేలిపోతుంది. నా కాళ్ళు ఆ మెట్ల వైపే ఉన్నాయి. కాళ్ళ వంక చూస్తే తొమ్మిది బాణాలూ గుర్తొచ్చాయి. అక్కడే కాసేపు, దారిన పోయేవాళ్ళకి అడ్డంగా నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికొచ్చాను.

వస్తూనే చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని హాల్లోకి వెళ్ళాను. "అత్తయ్యా, ఇవి దాచండి."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఎందుకని అడగలేదు. పిచ్చుక వేసిన బొమ్మ సంగతి ఆవిడకి నాకంటే ముందే తెలుసని అప్పుడు అర్థమైంది. "ఇలా తే. మంచం కింద గోడవైపు పెడతాను. నేను లేస్తేగానీ తీయలేవు. నేను లేవాలంటే నీ మొగుడూ, ఇంకో ఇద్దరూ రావాలి."

"నాన్నవి కూడా పెట్టు నానమ్మా," అంది పిచ్చుక గుమ్మంలోంచి. "అమ్మ అవి కూడా వేసుకుంటుంది."

నాలుగు చెప్పులూ మంచం కిందికి వెళ్ళాయి.

వంటింట్లో నేల మీద కూర్చున్నాను. బాసింపట్టు వేసుకుని రెండు పాదాలూ పైకి కనబడేలా మడిచాను. పిచ్చుక ఎదురుగా కూర్చుంది. సీసా మా మధ్య పెట్టాను.

"ఇవాళ ఎలా ఉందమ్మా?"

తిరగేశాను.

ఇసుక జారింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ ఈడ్చారు. కింద స్కూటరు స్టార్టవక గురగురమని, మళ్ళీ గురగురమని, ఊరుకుంది. కుళాయి చుక్క పడింది. ఇంకో చుక్క పడేదాకా నేను ఆ కుళాయి గురించే ఆలోచించాను, ఎందుకంటే ఇంకేం ఆలోచించినా అది నోట్లోకి వచ్చేస్తుంది. కొట్టారా, తోశారా, నవ్వారా, పేరు పెట్టారా, నీ డబ్బా తీసుకున్నారా, నిన్ను బయటికి... కుళాయి. కుళాయి. వాషరు మార్చాలి.

సగం దిగాక ఇసుక ఆగిపోయింది.

సన్నటి మెడ దగ్గర ఒక పలుకు అడ్డం పడ్డట్టుంది. పైన సగం, కింద సగం. తట్టాలని టీచరు చెప్పింది. నా చెయ్యి లేచింది. పిచ్చుక నా చేతి వంక చూసింది. తట్టానంటే తొందరపెట్టినట్టే. చెయ్యి తెచ్చి ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండో చెయ్యి పెట్టాను. ఇంక ఈ ఇసుక దిగదు. ఇసుక దిగకపోతే నేను మాట్లాడకూడదు. అంటే రేపటిదాకా ఇలాగే కూర్చోవాలా? పాలు పొయ్యి మీద పెట్టానా? పెట్టలేదు. పెట్టానేమో. పొయ్యి నా వెనకుంది, తిరిగి చూడలేదు. వాసన రావడం లేదు.

హాల్లో అత్తయ్య దగ్గింది. మంచం కిర్రుమంది. ఆవిడ కూడా వింటోంది.

అరికాళ్ళు జిలజిలలాడుతున్నాయి, తిమ్మిరెక్కి. కదపలేదు. పిచ్చుక మెల్లగా ముందుకు వంగింది. చూపుడు వేలితో నా ఎడమ పాదాన్ని నొక్కింది, చొక్కా మీద బాణం అంటించేటప్పుడు నేను నొక్కినట్టే. ఒకసారి. కాసేపాగి ఇంకోసారి. పాదం కదులుతుందేమో చూసింది. కదల్లేదు.

కిటికీలో వెలుతురు నేల మీంచి గోడ మీదికి ఎక్కింది. సీసాలో ఇసుక అలాగే ఉంది.

వేలు తియ్యకుండానే, నా మొహం వంక చూడకుండానే చెప్పింది.

"మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే తింటున్నానమ్మా. జడల పిల్ల నా పక్కన కూర్చోదు. వాళ్ళమ్మ దాన్ని కొట్టింది, నువ్వు వెళ్ళాక. నా చేతి మీద ఆ గీత అది గీరింది కాదు. బల్లకి మేకు ఉంది, ఆ మేకు గీసుకుంది. ఆ రోజే చెప్పబోయాను. నువ్వప్పటికే మెట్లు దిగిపోయావు."